పొగగొట్టం ఎటు తెరుచుకోవాలి: రేసు కారుకు ఎగ్జాస్ట్ ఎంపిక

రేసు కారు తయారుచేసేవారికి పొగగొట్టం విషయంలో రెండు ప్రశ్నలు ఎదురవుతాయి. సిలిండర్లలో కాలిన వాయువు ఇంజన్‌కు భారం కాకుండా బయటపడాలంటే గొట్టాలు ఎంత పొడవు ఉండాలి, ఎక్కడ కలవాలి అన్నది మొదటిది. ఆ వాయువు కారు ఒంటిమీద ఏ చోట, ఏ దిక్కుగా బయటి గాలిలో కలవాలి అన్నది రెండోది. మొదటిదానికి ఇంజన్ విభాగం డైనో (ఇంజన్‌ను నడిపి దాని శక్తిని కొలిచే యంత్రం) మీద జవాబు వెతుకుతుంది. రెండోదానికి ఏరోడైనమిక్స్ విభాగం కారు మీద గాలి ఊది చూసే విండ్ టన్నెల్‌లోనో కంప్యూటర్ లెక్కల్లోనో వెతుకుతుంది. చాలాసార్లు ఒకరికి నచ్చిన గొట్టం రెండోవారికి నచ్చదు. మన దగ్గర బండి కింద కనిపించే గొట్టాన్నంతా సైలెన్సర్ అనేయడం అలవాటు కనుక, ఇక్కడ పొగగొట్టం అంటే సిలిండర్ హెడ్ దగ్గర మొదలై బయటి గాలిలో ముగిసే దారి మొత్తం అని, సైలెన్సర్ అందులో ఒక భాగం మాత్రమే అని ముందే అనుకుందాం.

ఉదాహరణలు ఎక్కువగా ఫార్ములా వన్ నుంచి తీసుకుంటున్నాను. కిందికి, పైకి, ముందుకు, వాలుగా, నడిమధ్యకు అంటూ పొగగొట్టాన్ని తిప్పగలిగినన్ని వైపులకూ తిప్పి చూసిన చరిత్ర అక్కడే ఉంది. కానీ ఈ పోలిక అవసరమయ్యేది ఫార్ములా వన్ జట్లకు కాదు. కోయంబత్తూరులోని కారి మోటార్ స్పీడ్‌వేలో జరిగే ఫార్ములా భారత్‌కో, సుప్రా ఎస్‌ఏఈ ఇండియాకో కారు కడుతున్న ఇంజనీరింగ్ కాలేజీ జట్టుకు, పాత కారును ట్రాక్ కోసం మార్చుకుంటున్న ఔత్సాహికుడికి ఇది పనికిరావాలి.

ఊదే గాలికి ఎంత బలం ఉంటుంది

ఎంపికకు ముందు ఒక లెక్క వేసుకోవాలి. ఫార్ములా వన్‌లో 2013 వరకు వాడిన 2.4 లీటర్ల వీ8 ఇంజన్ నిమిషానికి 18,000 సార్లు తిరిగేది, అంటే సెకనుకు 300 సార్లు. ఫోర్ స్ట్రోక్ ఇంజన్ రెండు చుట్లకు ఒకసారి నిండా గాలి పీలుస్తుంది కాబట్టి సెకనుకు 360 లీటర్ల గాలి, బరువులో చెప్పాలంటే దాదాపు 420 గ్రాములు, లోపలికి వెళ్లేది. అదే గాలి ఇంధనంతో కాలి 800 డిగ్రీలకు పైబడిన వేడితో బయటికి వచ్చేసరికి మూడున్నర రెట్లకు పైగా వ్యాకోచించి 1,300 లీటర్ల దాకా అవుతుంది. సెకనుకు అంత వేడి వాయువు రెండు చిన్న గొట్టాల మూతుల్లోంచి దూసుకొస్తున్నప్పుడు దాన్ని వృథాగా వదిలేయడానికి ఏరోడైనమిక్స్ ఇంజనీరుకు మనసొప్పకపోవడంలో ఆశ్చర్యం లేదు.

అయితే ఈ ప్రవాహం డ్రైవర్ పాదానికి కట్టుబడి ఉంటుంది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు నిండుగా వస్తుంది, పాదం ఎత్తగానే పడిపోతుంది. డ్రైవర్‌కు వెనుక చక్రాల మీద పట్టు అన్నిటికంటే ఎక్కువ కావలసింది బ్రేకు వేసి మలుపులోకి తిరిగే క్షణంలో, అంటే సరిగ్గా యాక్సిలరేటర్ మూసి ఉన్నప్పుడు. పొగగొట్టం ఇచ్చే డౌన్‌ఫోర్స్ (కారును నేలకు అదిమే గాలి బలం) ఆ విధంగా పెళ్లికి ముందే వచ్చి కూర్చుని, పని పడినప్పుడు ముఖం చాటేసే చుట్టంలా ప్రవర్తిస్తుంది. కాబట్టి గరిష్ఠంగా ఎంత డౌన్‌ఫోర్స్ వస్తుంది అన్నదానికంటే, పాదం ఎత్తినప్పుడు అందులో ఎంత మిగులుతుంది అన్నదే అసలు ప్రశ్న అని నేను భావిస్తాను. కింది ఎంపికలన్నిటినీ ఆ కొలతతోనే చూస్తున్నాను.

డిఫ్యూజర్‌లోకి ఊదడం

కారు అడుగున గాలి వేగంగా పారితే అక్కడ పీడనం తగ్గి కారు నేలకు అదుముకుంటుంది. వెనుక భాగంలో నెమ్మదిగా పైకి లేచే డిఫ్యూజర్ ఆ గాలిని మెల్లగా విశాలం చేసి బయటికి వదులుతూ అడుగున వేగాన్ని నిలుపుతుంది. 1982తో, అడుగున పారే గాలితోనే ఎక్కువ పట్టు తెచ్చుకునే గ్రౌండ్ ఎఫెక్ట్ కార్ల కాలం ముగిసి, 1983లో అడుగు చదునుగా ఉండాలన్న నిబంధన వచ్చినప్పుడు, పోయిన డౌన్‌ఫోర్స్‌లో కొంతైనా తిరిగి రాబట్టడానికి రెనో తన ఆర్‌ఈ40 కారులో ఎగ్జాస్ట్‌ను డిఫ్యూజర్‌లోకి ఊదించింది. ఆ తర్వాత దాదాపు పదిహేనేళ్లు ఈ పద్ధతి ఏదో ఒక రూపంలో సాగింది. అప్పటి ఉద్దేశం సరళమైనది: డిఫ్యూజర్‌లో అలసిపోయే గాలికి వేడి వాయువు వేగాన్ని తోడు చేయడం.

2010లో ఏడ్రియన్ న్యూయీ నేతృత్వంలో రూపొందిన రెడ్ బుల్ ఆర్‌బీ6 ఈ పాత ఆలోచనను మళ్లీ బయటికి తీసింది. 2011 నాటి ఆర్‌బీ7లో ఆ ఆలోచన కొత్త పని నేర్చుకుంది. వెనుక టైరు నేలను తాకే చోట నలిగిన గాలి పక్కకు చిమ్ముతుంది; అందులో కొంత డిఫ్యూజర్ లోపలికి చొరబడి అక్కడి ప్రవాహాన్ని చెడగొడుతుంది. ఎగ్జాస్ట్ ధారను అడుగు పలక బయటి అంచు వెంబడి, టైరుకూ డిఫ్యూజర్‌కూ మధ్య ఉన్న సందులోకి పంపితే ఆ ధారే ఒక తెరలా నిలబడి బయటి గాలిని రానివ్వదు. లోపల గాలికి వేగం పెంచడం కంటే ఇలా అంచును మూయడం వల్లనే ఎక్కువ లాభం వచ్చింది, ఎందుకంటే అంచు మూసుకుంటే కారు వెనుక భాగాన్ని పైకి లేపి నడపవచ్చు, డిఫ్యూజర్ పరిమాణం పెరిగినట్టే అవుతుంది. 2011లో 19 రేసులకు 18 పోల్ స్థానాలు (రేసు ఆరంభంలో అందరికంటే ముందు నిలిచే చోటు), 12 విజయాలు రెడ్ బుల్ ఖాతాలో పడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు 30న గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ సర్క్యూట్‌లో జరిగిన తొలి ఇండియన్ గ్రాండ్ ప్రీలో సెబాస్టియన్ వెట్టెల్ గెలిచింది కూడా ఈ కారుతోనే.

పాదం ఎత్తినప్పుడు తెర పడిపోకుండా చూడడమే మిగిలిన సమస్య. దానికి జట్లు రెండు దారులు తొక్కాయి. మొదటిదానిలో డ్రైవర్ పాదం ఎత్తినా ఇంజన్ థ్రాటిల్‌ను (గాలి లోపలికి వెళ్లే కవాటాన్ని) తెరిచే ఉంచి, ఇంధనం ఆపేసి, ఇంజన్‌ను ఒక గాలి పంపులా వాడుకున్నారు. దీన్ని కోల్డ్ బ్లోయింగ్ అన్నారు. రెండోదానిలో ఇంధనాన్ని కూడా పంపి, స్పార్కును ఆలస్యం చేసి, మంట గొట్టాల్లోకి పాకేలా చేశారు. ఇది హాట్ బ్లోయింగ్. రెండోది బలమైన ధారనిస్తుంది గానీ ఎగ్జాస్ట్ వాల్వులను కాలుస్తుంది, ఇంధనం తాగుతుంది, మలుపుల దగ్గర వినిపించే ఆ గరగర శబ్దం కూడా దానిదే. ఈ విధానం కట్టు తప్పుతోందని భావించిన ఎఫ్‌ఐఏ (ఫార్ములా వన్ నిబంధనలు పెట్టే సంస్థ) 2011 సిల్వర్‌స్టోన్ రేసులో, పాదం ఎత్తినప్పుడు థ్రాటిల్ పది శాతానికి మించి తెరవకూడదని ఆంక్ష పెట్టింది. ఏ ఇంజన్‌కు ఎంత మినహాయింపు అన్న దానిపై ఆ వారాంతమంతా వాదోపవాదాలు జరిగాయి; రేసును ఫెరారీ డ్రైవర్ ఫెర్నాండో అలోన్సో గెలిచాడు; తర్వాతి రేసుకే నిబంధన పాత స్థితికి వచ్చేసింది. ఒక్క రేసుకు పరిమితమైనా, ఈ పద్ధతి బలమంతా గొట్టం ఆకారంలో కాక ఇంజన్ కంట్రోల్ యూనిట్‌లోని లెక్కల్లో ఉందని ఆ వారాంతం చూపించింది.

ఎంపిక చేసుకునేవారికి ఇక్కడే హెచ్చరిక ఉంది. గొట్టాన్ని కిందికి వంచడం వెల్డింగ్ తెలిసిన ఎవరైనా చేయగలరు. పాదం ఎత్తినా ధార ఆగకుండా ఇంజన్‌ను నడిపించగల మ్యాపింగ్ (కంట్రోల్ యూనిట్‌లోని లెక్కల పట్టిక), ఆ వేడికి తట్టుకునే వాల్వులు, కాలిపోని అడుగు పలక, ఈ మూడూ లేకుండా కిందికి వంచితే మిగిలేది మలుపు మధ్యలో ఉన్నట్టుండి పట్టు వదిలే కారు మాత్రమే.

పైకి వదలడం

1998లో ఫెరారీ ఎఫ్300 కారు స్పెయిన్ రేసు నాటికి పొగగొట్టాలను ఇంజన్ కవచం పైభాగానికి తిప్పింది. రోరీ బైర్న్, రాస్ బ్రాన్ ఆధ్వర్యంలో జరిగిన ఈ మార్పు డౌన్‌ఫోర్స్ పెంచడానికి వచ్చింది కాదు. స్థిరత్వం కోసం వచ్చింది. డిఫ్యూజర్ ఇక డ్రైవర్ పాదంతో సంబంధం లేకుండా పనిచేస్తుంది. గొట్టాలు పొట్టిగా, ఒక్కొక్కటీ ఒకే పొడవుతో కుదురుతాయి. వేడి అడుగు పలక నుంచి, గేర్‌బాక్స్ నుంచి, సస్పెన్షన్ కడ్డీల నుంచి దూరంగా పోతుంది. కొన్నేళ్లలోనే మిగతా జట్లు కూడా ఇదే దారికి రావడం చూస్తే, గరిష్ఠ డౌన్‌ఫోర్స్‌ను కొంత వదులుకుని ఎప్పుడూ ఒకేలా ఉండే కారును పొందడం లాభసాటి బేరమేనని ఆ రంగమంతా ఒప్పుకున్నట్టే.

లోపాలు లేకపోలేదు. వేడి ధార వెనుక రెక్క కిందుగా వెళ్లి దాని పనిని కొంత చెడగొట్టవచ్చు, పైన పెట్టిన గొట్టాల బరువు కారు గురుత్వ కేంద్రాన్ని కొంచెం పెంచుతుంది. నా లెక్కలో ఇవి చిన్న నష్టాలు.

ముందుకు వదిలిన సాహసం, వాలు మీద జార్చిన ఉపాయం

అందరూ వెనుక గురించి ఆలోచిస్తున్న 2011లో రెనో జట్టు ఆర్‌31 కారులో పొగగొట్టాలను ముందుకు తిప్పి, సైడ్‌పాడ్ (డ్రైవర్‌కు ఇరుపక్కలా ఉబ్బి ఉండే భాగం) మొదట్లో, గాలి లోపలికి వెళ్లే ద్వారాల కిందుగా తెరిచింది. వేడి ధార అడుగు పలక అంచు పొడవునా పారి మొత్తం అడుగునే మూసేస్తుందన్నది ఆలోచన. కాగితం మీద దీనంత అందమైనది లేదు. సీజన్ మొదటి రెండు రేసుల్లో మెల్‌బోర్న్‌లో విటాలీ పెట్రోవ్, సెపాంగ్‌లో నిక్ హైడ్‌ఫెల్డ్ మూడో స్థానాల్లో నిలిచారు. ఆ తర్వాత ఆ ఏడాది ఆ జట్టుకు పోడియం మళ్లీ దక్కలేదు. వేగం తక్కువైన మలుపుల్లో కారు వెనుకబడింది. ఇంజన్ నుంచి కారు మధ్య వరకు సాగిన పొడవాటి గొట్టాలు సైడ్‌పాడ్‌లో కూర్చున్నాయి. బార్సిలోనా ప్రాక్టీసులోనూ, హంగరీ రేసులోనూ హైడ్‌ఫెల్డ్ కారు మంటల పాలైంది. ఒక సీజన్ కారు మొత్తాన్నీ ఒకే పొగగొట్టం చుట్టూ కట్టేస్తే, అది సరిపడనప్పుడు వెనక్కి మళ్లే దారి ఉండదు. జట్టు నిర్వాహకులు ఈ కారును అందుకైనా ఒకసారి గుర్తుచేసుకోవాలి.

2012లో నిబంధనలు గొట్టం చివరి భాగాన్ని కట్టడి చేశాయి. చివరి 100 మి.మీ. గుండ్రంగా ఉండాలి, లోపలి వ్యాసం 75 మి.మీ. దాటకూడదు, మూతి 10 నుంచి 30 డిగ్రీల మేర పైకి చూడాలి. డిఫ్యూజర్‌కు ఎగ్జాస్ట్ చేరకూడదన్నదే ఉద్దేశం. అయితే వంపు తిరిగిన ఉపరితలాన్ని ఆనుకుని పారే ధార ఆ వంపునే అంటిపెట్టుకుని మళ్లుతుంది. రుమేనియా ఇంజనీరు ఆన్రీ కోయాండా పేరు మీద దీన్ని కోయాండా ప్రభావం అంటారు. కుళాయి కింద చెంచా వీపును పట్టుకుని చూస్తే వంటింట్లోనే కనిపిస్తుంది. మెక్‌లారెన్, సౌబర్, రెడ్ బుల్ సైడ్‌పాడ్ వెనుక భాగాన్ని జారుడుబల్లలా మలిచి, పైకి చూస్తున్న గొట్టంలోంచి వచ్చిన ధారను మళ్లీ కిందికి, టైరు పక్క సందులోకి దించాయి. పై నుంచి సైడ్‌పాడ్ మీదుగా జారే మామూలు గాలి కూడా ధారను కిందికి నొక్కిపెట్టి సాయపడింది.

ఈ పద్ధతికి చెల్లించిన మూల్యం రెండు చోట్ల కనిపిస్తుంది. గొట్టాలు వంకరలు తిరగాల్సి రావడంతో ఇంజన్ కొంత శక్తిని కోల్పోతుంది. జారుడుబల్ల కోసం సైడ్‌పాడ్‌ను పెంచడం వల్ల కారు నడుము దగ్గర సన్నగా సాగాల్సిన ప్రవాహానికి అడ్డు వస్తుంది. లోటస్ జట్టు 2012లో కొరియా రేసు వరకు దీన్ని తీసుకురాకపోవడం ఊరికే జరిగింది కాదనిపిస్తుంది. ఈ ఉపాయం మెచ్చుకోదగ్గదే. కానీ నిబంధన ఒక దారిని మూసినప్పుడు పక్కదారి వెతికే జట్టుకే ఇది అవసరం. ఆ కట్టడి లేని చోట దీన్ని అనుకరించడం, తలుపు తెరిచి ఉన్నా కిటికీలోంచి దూరడమే.

నడిమధ్య ఒకే గొట్టం, పక్కకు తెరిచిన గొట్టం

2014లో 1.6 లీటర్ల టర్బో హైబ్రిడ్ వీ6 ఇంజన్లతో పాటు కారు మధ్యరేఖ మీద ఒకే గొట్టం ఉండాలన్న నిబంధన వచ్చింది. అప్పటికి వాయువులోని శక్తిలో పెద్ద వాటాను టర్బైన్ (ఆ వాయువు తిప్పే టర్బో చక్రం), దానికి జోడించిన జనరేటర్ లాగేసుకుంటున్నాయి. గంటకు 100 కిలోల ఇంధన పరిమితి కూడా ఉండేది. మిగిలిన బలహీనమైన ధారను గొట్టం మూతికి పైనున్న చిన్న రెక్కకు తగిలించి వెనుక రెక్కకు కాస్త సాయం చేయించడమే కొన్నేళ్లపాటు జట్లకు దక్కింది. శబ్దం తగ్గిందని అభిమానులు గోల చేస్తే 2014లో మెర్సిడెస్ ఒక బాకా ఆకారపు గొట్టాన్ని కూడా పరీక్షించింది. 2016లో, టర్బైన్‌కు అక్కర్లేని వాయువును పక్కకు వదిలే వేస్ట్‌గేట్‌కు విడి గొట్టాలు వచ్చాయి. టర్బో కారు కట్టేవారు దీన్నుంచి గ్రహించాల్సింది, టర్బైన్ తర్వాత ధారతో గాలి పనులు చేయించాలన్న ఆశ పెట్టుకోకూడదనే. టర్బైన్ ముందు గొట్టాలను పొట్టిగా, వేడి పోకుండా ఉంచడం ముఖ్యం. 2011లో లె మాన్ 24 గంటల రేసు గెలిచిన ఆడీ ఆర్18లో 120 డిగ్రీల వీ6 డీజిల్ ఇంజన్ ఎగ్జాస్ట్‌ను రెండు సిలిండర్ వరుసల మధ్యకు, అంటే వీ లోపలికి తెరిచి, టర్బోను ఆ మధ్యలోనే కూర్చోబెట్టారు; 1981 నాటి ఫెరారీ 126సీలో కూడా ఈ అమరికే ఉంది.

పక్కకు తెరిచే పద్ధతి గురించి ఎక్కువ చెప్పాల్సింది లేదు, అదే దాని గొప్పతనం. అమెరికా నాస్కార్ రేసు కార్లలో చాలాకాలంగా ఉన్నది ఇదే. 2022లో వచ్చిన కొత్త తరం కారులో చదునైన అడుగు, డిఫ్యూజర్ రావడంతో గొట్టాలను చెరోవైపు ఒకటిగా తెరిచారు. గొట్టం పొట్టిగా ఉంటుంది, డిఫ్యూజర్‌కు చోటు మొత్తం మిగులుతుంది, మరమ్మతుకు చేయి అందుతుంది. డ్రైవర్ వైపు వేడి, శబ్దం పెరగడం, ధార వెనుక టైరు పక్కను కాల్చకుండా మూతి కోణం జాగ్రత్తగా చూసుకోవాల్సి రావడం దీని ఇబ్బందులు. ఇంజన్ ముందున్న కార్లకు ఇంతకంటే తెలివైన ఎంపిక నాకు తోచదు.

గొట్టాలు కలిసే తీరు

మూతి ఎటు చూడాలో తేలిన తర్వాత హెడర్ (సిలిండర్ల నుంచి బయలుదేరి ఒకటిగా కలిసే గొట్టాల కట్ట) సంగతి వస్తుంది. వాల్వు తెరుచుకున్న ప్రతిసారీ గొట్టంలో ఒక పీడన తరంగం బయలుదేరి, గొట్టాలు కలిసే చోట తిరగబడి, తక్కువ పీడనపు తరంగంగా వెనక్కి వస్తుంది. అది గాలి వచ్చే, పొగ పోయే వాల్వులు రెండూ కాసేపు తెరిచి ఉండే సమయానికి చేరితే మిగిలిన వాయువును లాగేసి తాజా గాలికి దారి ఇస్తుంది. 9,000 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) వద్ద ఒక చుట్టుకు 6.7 మిల్లీసెకన్లు పడుతుంది. వేడి వాయువులో తరంగం సెకనుకు 500 మీటర్లకు పైగా పోతుందనుకుంటే ఆ చుట్టులో అది మూడు మీటర్లకు పైగా ప్రయాణిస్తుంది. ఒక గొట్టం మరోదానికంటే పొడవైతే వాటి తరంగాలు వేర్వేరు సమయాల్లో చేరి ఒక్కో సిలిండర్ ఒక్కోలా ప్రవర్తిస్తుంది. వంపులు ఎన్ని ఉన్నా పొడవులు సమానంగా ఉండాలని అనుభవజ్ఞులు పట్టుబట్టేది ఇందుకే.

నాలుగు సిలిండర్ల ఇంజన్‌కు నాలుగు గొట్టాలనూ ఒకేచోట కలిపితే పైస్థాయి వేగంలో శక్తి పదునుగా పెరుగుతుంది, మధ్యస్థాయిలో గుంట పడుతుంది. నాలుగింటిని రెండుగా, రెండింటిని ఒకటిగా కలిపే పద్ధతిలో శిఖరం కాస్త తగ్గినా మధ్యస్థాయి లాగుడు విస్తరిస్తుంది. మన దగ్గర ఎక్కువగా కనిపించే 1-3-4-2 వరుసలో మండే ఇంజన్‌లో ఒకటి, నాలుగు ఒక జతగా, రెండు, మూడు మరో జతగా కలపాలి. పక్కపక్కన ఉన్నాయి కదా అని ఒకటి, రెండు కలిపితే తరంగాలు ఒకదానికొకటి అడ్డుపడతాయి. మలుపులు ఎక్కువగా, నేరుదారి తక్కువగా ఉండే ట్రాక్‌కు రెండో పద్ధతినే నేను సిఫారసు చేస్తాను.

వీ8 విషయంలో క్రాంక్ (పిస్టన్ల కదలికతో తిరిగే ఇరుసు) ఆకారం చాలావరకు నిర్ణయించేస్తుంది. కాస్‌వర్త్ డీఎఫ్‌వీ రేసు ఇంజన్‌లో ఉన్నట్టు చదును క్రాంక్ అయితే ఒక్కో వరుసలోని నాలుగు సిలిండర్ల పేలుళ్లు సమాన వ్యవధిలో వస్తాయి, ఏ వైపు గొట్టాలు ఆ వైపే కలుస్తాయి. మెలికలు శిలువ ఆకారంలో ఉండే క్రాస్ ప్లేన్ క్రాంక్ అయితే ఒక్కో వరుసలో పేలుళ్లు సమాన వ్యవధిలో రావు కనుక అలా కుదరదు. ఫోర్డ్ జీటీ40 ఇంజన్ మీద ఒక వరుస గొట్టాలు రెండో వరుసలోకి దాటి, పాముల మూటలా పెనవేసుకుని కనిపించేది అందుకే. చూడడానికి ముచ్చటగా ఉంటుంది, స్పార్క్ ప్లగ్ మార్చేవాడికి మాత్రం ఆ ముచ్చట తీరిపోతుంది.

లోహం, వేడి

నికెల్ మిశ్రమలోహమైన ఇన్‌కొనెల్‌తో చేసిన పలుచని గొట్టాలు మిల్లీమీటరు కంటే తక్కువ మందంతోనే వేడిని తట్టుకుంటాయి కనుక పెద్ద జట్లు వాటినే వాడతాయి. ధర, వెల్డింగ్ నైపుణ్యం రెండూ అందని చోట స్టెయిన్‌లెస్ స్టీల్‌దే రాజ్యం. టైటానియం స్టీలులో సుమారు 57 శాతం బరువే ఉన్నా, మరీ వేడెక్కితే గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని పెళుసుబారుతుంది. దాన్ని సిలిండర్ హెడ్‌కు దూరంగా, సైలెన్సర్ భాగంలో వాడుకోవడం మంచిది. గొట్టానికి పక్కన కార్బన్ ఫైబర్ ఉంటే, అందులోని రెసిన్ సాధారణంగా 120 నుంచి 180 డిగ్రీల మధ్యలోనే మెత్తబడడం మొదలుపెడుతుందని గుర్తుంచుకుని, గాలి ఆడే ఖాళీ, వేడి కవచం రెండూ పెట్టాలి. ఒకదానితో సరిపెట్టుకోవడం వల్లనే విద్యార్థుల కార్లలో అడుగు పలకలు గోధుమరంగుకు తిరుగుతుంటాయి.

ఎవరికి ఏది

ఫార్ములా భారత్ లాంటి ఫార్ములా స్టూడెంట్ తరహా పోటీలో పెట్రోలు ఇంజన్ పీల్చే గాలంతా 20 మి.మీ. రంధ్రం గుండా పోవాలి. అంత చిన్న రంధ్రంలో గాలి ధ్వని వేగానికి చేరిన తర్వాత సెకనుకు 74 గ్రాములకు మించి పోలేదు. ఇంజన్ ఎంత పెద్దదైనా ఇదే పైకప్పు. మన జట్లు ఎక్కువగా ఎంచుకునే 373 సీసీ కేటీఎం 390 సింగిల్ సిలిండర్ ఇంజన్ 9,000 ఆర్‌పీఎం వద్ద సెకనుకు 28 లీటర్లు, అంటే 33 గ్రాముల గాలిని మాత్రమే పీలుస్తుంది. పాత ఫార్ములా వన్ వీ8తో పోలిస్తే పన్నెండో వంతు కంటే తక్కువ. కారు వేగం తగ్గేకొద్దీ బయటి గాలితో పోలిస్తే ఎగ్జాస్ట్ ధార పలుకుబడి పెరుగుతుందన్నది నిజమే, ఆ వాదనను డిజైన్ పరీక్షలో న్యాయనిర్ణేతల ముందు వినిపించవచ్చు కూడా. కానీ ఈ పోటీల్లో ఎండ్యూరెన్స్ (దీర్ఘదూర పరుగు) సగటు వేగం గంటకు 50 కి.మీ. చుట్టూనే ఉంటుంది, మలుపు తర్వాత మలుపు వస్తూ పాదం క్షణక్షణం ఎత్తాల్సి వస్తుంది, పైగా ఒకే సిలిండర్ ధార తెరలా కాక తెగి తెగి వస్తుంది. అలాంటి కారులో డిఫ్యూజర్‌లోకి ఊదించే పనికి పెట్టే వారాలను నేనైతే అడుగు పలక నేలకు ఎంత ఎత్తులో ఉండాలో తేల్చడానికి ఖర్చు పెడతాను.

కాబట్టి విద్యార్థి జట్టుకు పక్కకో, వెనుక పైకో తెరిచిన పొట్టి గొట్టం సరిపోతుంది. మూతి వెనుక ఇరుసు రేఖ నుంచి 450 మి.మీ. కంటే వెనక్కి, నేల నుంచి 600 మి.మీ. కంటే పైకి పోకూడదన్న నిబంధనను ఆ ఏటి పుస్తకంలో మరోసారి చూసుకుని, దాన్నే మొదటి కొలతగా పెట్టుకోవాలి. డ్రైవర్‌కు, ఇంధన ట్యాంకుకు దూరంగా ఉండే వైపును ఎంచుకోవాలి. నాలుగు సిలిండర్ల ఇంజన్ ఉన్న జట్టు హెడర్‌ను, సింగిల్ సిలిండర్ జట్టు ఒంటి గొట్టం పొడవును మధ్యస్థాయి లాగుడు కోసం కుదుర్చుకోవడం మేలు, ఎందుకంటే రంధ్రం ఎలాగూ పైస్థాయిని కోసేస్తుంది.

ట్రాక్ కోసం పాత సెడాన్ మార్చుకునేవారికి డిఫ్యూజర్ సంగతి చాలావరకు అప్రస్తుతం. ఇంజన్ ముందుంటే పక్కకు తెరవడం, లేదా కంపెనీ ఇచ్చిన దారిలోనే వెనక్కి తీసుకెళ్లి అడుగు చదునుగా ఉంచడం, ఈ రెండింటిలో ఒకటి చాలు. నాలుగు నుంచి రెండు, రెండు నుంచి ఒకటి కలిసే హెడర్‌కు డబ్బు పెట్టి, మూతి దగ్గర మెరుపుల మీద ఆదా చేయాలి. అడుగు, డిఫ్యూజర్ సొంతంగా రూపొందించుకుని, ఇంజన్ కంట్రోల్ యూనిట్ మీద పూర్తి పట్టున్న ప్రోటోటైప్ జట్టు మాత్రమే అంచుకు ఊదే పద్ధతిని పరిశీలించాలి. అప్పుడు కూడా పాదం ఎత్తినప్పటి డౌన్‌ఫోర్స్‌ను ముందు కొలిచి, అది గరిష్ఠంలో ఎంత భాగమో చూసుకున్నాకే గొట్టం వంచాలి. హైదరాబాదులో హుస్సేన్ సాగర్ పక్కన 2023 ఫిబ్రవరిలో పరుగెత్తిన, విద్యుత్‌తో నడిచే ఫార్ములా-ఈ కార్లకు ఈ బాధ ఏదీ లేదు, ఊదడానికి పొగే లేదు కాబట్టి.

చివరగా శబ్దం. విద్యార్థి పోటీల్లో ఐడిల్ (యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజన్ తిరిగే వేగం) వద్ద 103, మిగతా వేగాల్లో 110 డెసిబెళ్ల పరిమితి ఉంటుంది. మైకును మూతికి అర మీటరు దూరంలో 45 డిగ్రీల కోణంలో పెట్టి కొలుస్తారు. పరీక్ష వేగం పిస్టన్ సగటు వేగాన్ని బట్టి, నిమిషానికి 914 మీటర్ల లెక్కన, తేలుతుంది, 60 మి.మీ. స్ట్రోక్ ఉన్న కేటీఎం ఇంజన్‌కు అది సుమారు 7,500 ఆర్‌పీఎం. గొట్టం పొడవును సరిగ్గా అదే వేగానికి కుదిర్చిన జట్టుకు శక్తి, శబ్దం రెండూ అక్కడే పెరుగుతాయి కనుక, శబ్దం తగ్గించడానికి సైలెన్సర్‌లో నింపే, వేడికోర్చే దూది కొత్తగా ఉన్న రోజున కాక, రెండు వారాలు కారు నడిపి అది కాలాక కొలిచి చూసుకోవాలి, రెండోసారి నింపడానికి దూదిని పెట్టెలో వెంట తీసుకెళ్లాలి.